వైండింగ్ షాపులో ఈకపురుగు

జనవరి 19

పండక్కి మూడు రోజులు షాపు మూసిన పాపానికి చెరువు నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్ల మోటార్లు పదకొండు గుమ్మంలో పడున్నాయి. రొయ్యల చెరువులవాళ్లకి సంక్రాంతీ లేదు, కనుమా లేదు. మోటారు కాలితే తెల్లారేసరికి తిరగాలి. అయినా ఇవాళ సాయంత్రం వాటిని పక్కన పెట్టి ఈ నోటుపుస్తకం మొదలుపెట్టాను.

సంగతేంటంటే, పండక్కి అమ్మ పుట్టిల్లు మాధవరం వెళ్లాం. తాడేపల్లిగూడెం దగ్గర ఊరు. ఇంటికొకరైనా సైన్యంలో చేసుంటారని అందరూ మిలటరీ మాధవరం అంటారు. మా మావయ్య కూడా చేసి రిటైరయ్యాడు. భోజనాలయ్యాక ట్రంకుపెట్టెలోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. లోపల దూదిలో గుచ్చి ఒకే ఒక్క గాలం. వడ్లగింజంత ఉంది. కాడ పొడుగునా నారింజ రంగు పట్టుదారం, తల దగ్గర చారల ఈక. ఈకని చిమ్మటలు సగం తినేశాయి. హిమాచల్లో కులూ వైపు ఉన్నప్పుడు ఎవరో ఆఫీసరు ఇచ్చాడట. దాంతో ట్రౌట్ చేపలు పట్టాడట.

"దీన్నేమంటారు మావయ్యా?"

"ఆళ్లు ఫ్లై అంటారు. మేం ఈకపురుగు అనుకునేవాళ్లం. రోజూ వెంట్రుకంత వైర్లు చుడతావు కదరా అల్లుడూ, ఇది చుట్టలేవా?"

ఆ మాట నాలుగు రోజుల్నుంచీ గుచ్చుకుంటూనే ఉంది. ఏప్రిల్లో కాలువలకి నీళ్లు ఆపేస్తే మాకు కాస్త తీరిక. అప్పుడు హిమాచల్ వెళ్లాలి, నా చేత్తో చుట్టిన ఈకపురుగుతో ఒక్క ట్రౌట్ అయినా పట్టాలి. ఇదీ ప్రాజెక్టు.

చదివిందీ వీడియోల్లో చూసిందీ ముందు రాసుకుంటాను. కొండవాగుల్లో రాళ్ల కింద పురుగు పిల్లలు పెరుగుతాయి, వాటిని నింఫ్ అంటారు. మన చెరువుల్లో తూనీగ పిల్ల నీళ్లలో పెరిగినట్టే. రెక్కలొచ్చే వేళకి కొన్ని జాతులు అడుగు వదిలి పైకి ఈదుకొస్తాయి. పైకి వచ్చే ఆ కాసేపూ వాటికి దాక్కునే చోటు లేదు, ఎగిరే రెక్క లేదు. ట్రౌట్ అక్కడే కాపు కాస్తుంది. మెత్తని ఈక నీళ్లలో ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటే కాళ్లు కొట్టుకుంటున్న పురుగులా కనిపిస్తుంది. ఇంగ్లండులో యార్క్‌షైర్ వైపు ఇలాంటివి పాతకాలం నుంచీ కడుతున్నారు. ఈక పోగులు సాలీడు కాళ్లలా ఉంటాయని స్పైడర్లు అంటారు. మావయ్య డబ్బాలో ఉన్నది అందులో అందరికీ తెలిసిన కట్టు, పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్.

జనవరి 26

ఈకలకి మా జిల్లాలో కరువా! కోడిపందేలు తప్పు అని చట్టం చెబుతుంది, అది వేరే సంగతి. కోడి రంగుకి మావాళ్లకున్నన్ని పేర్లు ఇంకెవరికైనా ఉంటాయా అని నా అనుమానం. డేగ, కాకి, సేతువ, నెమలి, పర్ల, పింగళ, అబ్రాసు, మైల, పూల. పందేలు జరిగిన తోటలో ఊడిపడ్డ మెడ ఈకలు ఒక సంచీడు ఏరుకొచ్చాను. డేగ మెడ ఈక ఎండలో పెడితే రాగి తీగే.

పనిముట్లు. గాలాన్ని పట్టుకునే వైజు కొంటే రెండు వేల పైమాట. నా దగ్గర చేతి డ్రిల్లు తల ఒకటి పాడైపోయి ఉంది. దాని దవడల మధ్య గాలం వంపు బిగించి, ఆ తలని స్టేటర్ బిగించే స్టాండుకి వెల్డింగు చేయించాను. కదలదు. దారం చుట్టడానికి బాబిన్ కావాలి. కుట్టుమిషను బాబినుని సైకిల్ చువ్వ వంచి అందులో పెట్టాను, కొసకి ఇంజెక్షన్ సూది గొట్టం. గొట్టం అంచు దారాన్ని కోసేస్తోంది. ఎమరీ పేపరు పెట్టి అరగంట రుద్దాక మాట విన్నది.

పట్టుదారం మగ్గం వర్కు షాపులో దొరికింది, నారింజ ఒకటి, ఆకుపచ్చ ఒకటి. దారానికి తేనెమైనం రాయాలి. పట్టు తడిస్తే రంగు ముదురుతుంది, కింద ఉన్న ఇనుము నీడ కూడా కనిపిస్తుంది. పొడిగా ఉన్నప్పుడు గులాబ్‌జామ్ డబ్బా మీది నారింజలా ఉన్నది నీళ్లలో పడగానే బెల్లం పాకం రంగుకి తిరిగింది.

గాలాలు 14వ నంబరు, దారం కట్టే కన్ను కిందకి వంగినవి. ఆన్‌లైన్లో తెప్పించాను. వీటికి నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. వైరు గేజి కూడా అంతే కాబట్టి నాకు తికమక లేదు.

ఫిబ్రవరి 2

మొదటి అయిదు ఈకపురుగులూ చుట్టేశాను.

మా ఆవిడ చూసి, "ఏవండీ, ఇవి పురుగులా, పొట్ట పగిలిన బొంతలా?" అంది. కోపం వచ్చింది కానీ నిజమే.

ఇరవై రెండేళ్లుగా నా చేతికి అలవాటైంది ఒక్కటే పని, మోటారు లోపలి స్లాటు, అంటే గాడి, నిండా రాగివైరు నింపడం. ఖాళీ వదిలితే మోటారు వేడెక్కుతుంది, కస్టమరు తిరిగొస్తాడు. అందుకే దారం ఒక వరస చాలదని రెండో వరస, ఈక నాలుగు చుట్లు, చివర్న ముడి మీద ముడి. తల గుండ్రంగా మిరియపు గింజలా తయారైంది. పైగా వార్నిష్. షాపులో డబ్బాలకి డబ్బాలు ఉంది కదా అని ముడి మీద ఒక చుక్క వేశాను. ఆ చుక్క ఈకలోకి పాకి, ఆరేసరికి పోగులన్నీ చీపురు పుల్లలైపోయాయి. అయిదుకి అయిదూ చెత్తబుట్టలోకి.

ఇవాళ ఇంక రాయబుద్ధి కావట్లేదు.

ఫిబ్రవరి 9

గాజుగ్లాసు పరీక్ష. ఈ వారంలో నేర్చుకున్నదంతా ఇందులోనే ఉంది, కాస్త వివరంగా రాస్తాను.

స్టీలు గ్లాసు కాదు, గాజుది. నిండా నీళ్లు. వెనక నల్ల ఇన్సులేషన్ పేపరు. ఈకపురుగుకి జానెడు దారం కట్టి ముంచి, పైకి అంగుళం లాగి వదలాలి.

ముందు డేగ పుంజు మెడ ఈకతో కట్టింది ముంచాను. పోగులు గొడుగు ఊచల్లా విప్పుకునే ఉన్నాయి. లాగినా అంతే, వదిలినా అంతే. నిగనిగలాడే అందమైన ఈక, నీళ్లలో మాత్రం తీగముక్క. పొడి ఈకపురుగులకి, అంటే నీళ్లపైన తేలాల్సినవాటికి, ఇలాంటి గట్టి పుంజు ఈకే కావాలట. నాకు కావాల్సింది మునిగేది.

తర్వాత నాటు పెట్ట మెడ ఈక. దీని పోగులకి ఈనె దగ్గర నూగులాంటి అల్లిక ఎక్కువ, నీళ్లు పీల్చుకుంటుంది. లాగితే ఒంటికి అంటుకుపోయింది, వదిలితే మెల్లగా తెరుచుకుంది. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. పెట్ట ఈకలో ఇంత సంగతుందని పందెం కోళ్లు పెంచేవాళ్లకి చెబితే నవ్వుతారు. వాళ్ల దృష్టంతా పుంజు మీదే.

మూడోది కౌజు. అసలు కట్టుకి వాడేది ఇంగ్లండు పొలాల్లోని గ్రే పార్ట్రిడ్జ్ ఈక. దానికి చుట్టమైన పిట్టలు మన గట్ల మీదా తిరుగుతాయి, కానీ అవి అడవిపిట్టలు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. వాటి జోలికి పోను. ఫారంలో పెంచే జపాన్ కౌజులు ఉన్నాయి కదా, బిర్యానీ సెంటర్లకి వేసేవి. చికెన్ కొట్టువాడిని అడిగితే కవరు నిండా ఈకలు ఊరికే ఇచ్చాడు, పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తూ. సబ్బునీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి, కర్పూరం బిళ్లతో డబ్బాలో పెట్టాను. మావయ్య డబ్బాలో చిమ్మటలు చేసిన పని గుర్తుంది.

కౌజు వీపు ఈక గోధుమరంగు మీద లేత చారలతో ఉంటుంది. గ్లాసులో ముంచి లాగాను. ముడుచుకుంది. వదిలాను. ఒక్కో పోగూ విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి లేచింది. ముంచి పైకి తీస్తూ పావుగంట కూర్చున్నాను. మా చిన్నోడు, "నాన్నా, అది బతికుందా?" అని అడిగాడు.

ఫిబ్రవరి 16

ముడి దగ్గర ఆగిపోయాను. చివర్న వేయాల్సింది విప్ ఫినిష్ అనే ముడి. దారం తన మీద తానే నాలుగైదు చుట్లు పడి, కొస ఆ చుట్ల కిందనుంచి లాగబడి కనపడకుండా పోవాలి. వీడియో పదిసార్లు చూశాను. మనిషి వేళ్లు అలా తిరగవు.

నరసాపురం నుంచి అత్తయ్యగారు వచ్చారు. చిన్నప్పట్నుంచీ లేసు అల్లిన చెయ్యి. అక్కడ చాలా ఇళ్లలో ఆడవాళ్లకి అరుగు మీద కూర్చుని క్రోషే సూదితో అల్లడం కబుర్లు చెప్పుకోవడంతో సమానం. నా అవస్థ కాసేపు చూసి, "ఇటు ఇవ్వండి అల్లుడుగారూ" అన్నారు.

కళ్లజోడు పైకి నెట్టుకుని గాలాన్ని ఒకసారి చూశారు. చూపుడువేలు, నడివేలు కత్తెరలా చాపి దారాన్ని వాటి మీద వేసుకున్నారు. మణికట్టు తిప్పితే దారం అడ్డంగా ఒక కొక్కెంలా పడింది. ఆ కొక్కెం గాలం చుట్టూ తిరుగుతోంది, కొస దాని కింద అణిగిపోతోంది. నాలుగు తిప్పులు. లాగారు. తల ఆవగింజంత.

"ఇదేవుంది, మేం దారం మార్చినప్పుడు కొస దాచేస్తాం కదా, అదే."

"మరి వార్నిష్ వేయక్కర్లేదా అత్తయ్యగారూ?"

"మైనం రాశారు కదండీ. ఎందుకు?"

నాచేత ముప్పైసార్లు వేయించారు, బెండు ముక్కకి గుచ్చిన పెద్ద గాలం మీద. పదిహేడోసారికి చెయ్యి దారిలో పడింది. కాఫీ ఇచ్చాక వెళ్తూ వెళ్తూ, "మీరు ప్రతిదీ బిగించేస్తారండీ. లేసులో ఖాళీలే కదా అందం" అన్నారు. ఆవిడ లేసు గురించే అన్నారు. నాకు మాత్రం ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు.

ఫిబ్రవరి 17

లేచీ లేవగానే కట్టాను. ఇప్పుడు ఖాయం చేసుకున్న పద్ధతి ఇది.

కన్ను వెనక మిల్లీమీటరు ఖాళీ వదిలి దారం మొదలు. కౌజు ఈకకి మొదట్లో ఉన్న మెత్తటి నూగంతా పీకేసి, కొసని పట్టుకుని మిగతా పోగుల్ని వెనక్కి దువ్వాలి. ఒక వైపు పోగులు మొత్తం తీసేయాలి. ఇది చేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది, అయినా తీసేయాలి. కొస వైపునుంచి కన్ను దగ్గర కట్టాలి. పోగు పొడవు గాలం వంపు దాకా వస్తే చాలు. తర్వాత దారాన్ని చుట్టు పక్కన చుట్టుగా, గాలం మొన పక్కనుండే ముల్లు ఎదురుగా వచ్చేదాకా తీసుకెళ్లాలి. ఇక్కడ మాత్రం నా వైండింగ్ చెయ్యి పనికొచ్చింది, ఒక్క చుట్టు మీద ఇంకోటి ఎక్కదు. రాగివైరు కట్టి, దారాన్ని వెనక్కి తెచ్చి, వైరుని అయిదు చుట్లు ఎడంగా వేయాలి. మెడ దగ్గర నెమలి పింఛం పోగు ఒకటి రెండు చుట్లు. చివరికి ఈక. రెండే రెండు చుట్లు. అత్తయ్యగారి ముడి.

వైరు ఫ్యాను వైండింగ్‌ది. 36 గేజి కొంచెం లావనిపించింది, 0.19 మిల్లీమీటర్లు. 42 గేజి రిలే కాయిలు ఒకటి విప్పితే 0.1 వైరు దొరికింది. ఫ్రాంక్ సాయర్ అని ఇంగ్లండులో ఏవన్ నదికి కాపలాదారుగా చేసినాయన దారమే మానేసి సన్నని రాగివైరుతోనే నింఫ్ కట్టేవాడట. బరువూ అదే, కట్టూ అదే. ఆయన మా షాపుకొస్తే జీతమిచ్చి పెట్టుకునేవాణ్ణి.

నెమలి పింఛం రాల్చినదే. జాతర్లో కొన్న విసనకర్రలోంచి పీకాను.

మార్చి 2

ఒంటికి పట్టుదారం బదులు మన సరుకు ఏదైనా పనికొస్తుందేమో చూశాను. కొబ్బరిపీచు: కోనసీమ పక్కనే ఉంది కదా అని ఆశ. మొండిది, చుడితే లేచిపోతుంది. బూరుగుదూది: దీనికి నీళ్లంటవు, నింఫ్ కాస్తా బెండులా తేలింది. గోనెసంచి పోగు చిక్కగా నలిపి మైనపుదారానికి మెలిపెడితే బాగుంది, తడిస్తే బురదరంగు. రెండు కట్టి పక్కన పెట్టాను. మిగతావి పట్టే.

మార్చి 9

కాలువ పరీక్ష. ఊరి బయట లాకుల కింద నీళ్లు సుడి తిరిగి మెల్లగా సాగే చోటుంది. దాళ్వా పంటకి నీళ్లు వదులుతున్నారు కాబట్టి పారుదల ఉంది. ఈ నీళ్లు ధవళేశ్వరం నుంచి వచ్చేవే. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాక డెల్టా అంతా పాకిన కాలువలు. ట్రౌట్ కూడా దొరలు తెచ్చిందే. గోధుమ ట్రౌట్ యూరప్‌ది, రెయిన్‌బో అమెరికా పడమటి వైపుది. రెండూ చల్లనీళ్ల కోసమే మన కొండలకి చేరాయి. ఇక్కడ ఆనకట్ట కట్టారు, అక్కడ చేప వదిలారు.

మా కాలువలో ట్రౌట్ ఎందుకు బతకదని చిన్నోడు అడిగాడు. ఆక్వా ల్యాబు మిత్రుడి థర్మామీటరు పెట్టి చూపించాను, 29 డిగ్రీలు. ట్రౌట్‌కి 20 దాటితేనే ఇబ్బంది. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ పడుతుంది. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకి 11 మిల్లీగ్రాముల పైగా పడితే, 30 డిగ్రీల్లో ఏడున్నర మాత్రమే. డీఓ అంటే, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ అని, మా ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. తెల్లవారుజామున డీఓ పడిపోతే చెరువు యజమానికి టెన్షన్, ఏరేటరు కాలితే నాకు ఫోను.

కాబట్టి ఇక్కడ పరీక్ష పరిగెలనే చిన్న చేపల మీద. వెదురుకర్ర, కర్రంత దారం, కొసన ఈకపురుగు. బెండు లేదు, ఎర్ర లేదు. జపానులో కొండవాగుల మీద దారం చుట్టే చక్రం లేకుండా ఇలాగే కర్రకి దారం కట్టి ఈకపురుగు వేస్తారు, తెంకారా అంటారు. మన గాలం కర్రకి అన్నదమ్ముడే.

రెండు రకాలు తీసుకెళ్లాను, నాలుగు చుట్ల ఈక ఒకటి, రెండు చుట్లది ఒకటి. మిగతా అంతా ఒకటే. పావుగంటకి ఒకటి మార్చుకుంటూ రెండు గంటలు వేశాను. నాలుగు చుట్లదానికి ఒక చేదుపరిగె వచ్చింది, అది కూడా తోకకి తగులుకుని. దాన్ని లెక్కేయను. రెండు చుట్లదానికి ఏడు పరిగెలు, చివర్న అరచేతంత తిలాపియా. అన్నీ ఒకే చోట పట్టాయి. ఈకపురుగు నీటివాలున పోయి, దారం బిగిసి, పైకి లేవడం మొదలెట్టిన చోట.

గట్టు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు అంతా చూసి, "ఎర లేకుండా ఎలా పడతన్నాయి బాబూ?" అని అడిగాడు. చూపించాను. అరచేతిలో పెట్టుకుని, "ఇందులో ఏవుంది, ఏం లేదు" అని తిరిగిచ్చేశాడు.

మార్చి 23

అసలు ఫ్లై రాడ్డు వచ్చింది. తొమ్మిది అడుగులు, దానికి అయిదో నంబరు లైను, అంటే లావుపాటి దారం. ఇక్కడ బరువంతా లైనులోనే ఉంటుంది, ఈకపురుగుకి బరువే లేదు. లైనుని వెనక్కి విసిరి, అది పూర్తిగా చాపుకున్నాక ముందుకి కొట్టాలి. వెనక ఏముందో చూసుకోవాలని ఎవరూ చెప్పలేదు. మొదటి విసురుకి కొబ్బరిమట్ట, రెండోదానికి గట్టు మీద దండేనికి ఆరేసిన చీర. ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. ముల్లుని నోసు ప్లయరుతో నొక్కేసి ఉండటం వల్ల చీర చిరగకుండా ఊడొచ్చింది. ముల్లు నొక్కేది చేప కోసమని చదివాను, చీరలకీ మంచిదే.

అప్పట్నుంచి తెల్లవారుజామున అయిదింటికే ప్రాక్టీసు.

ఏప్రిల్ 17, గుషైని

రాజమండ్రిలో రైలెక్కి ఢిల్లీ, అక్కడ్నుంచి రాత్రి బస్సులో ఔట్ అనే ఊరు, బంజార్ మీదుగా హిమాచల్లోని తీర్థన్ లోయ. చేపల వేటకి లైసెన్సు తీసుకున్నాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ ట్రౌట్ వేట బంద్, గుడ్లు పెట్టే కాలం. ఇప్పుడు పర్లేదు, ఇంకో నెల పోతే మంచు కరిగి నీళ్లు పాలరంగుకి తిరుగుతాయట.

నది చూసి కాసేపు నోటమాట రాలేదు. మోకాలి లోతులో రాళ్లు లెక్కపెట్టొచ్చు. మా గోదావరి మనిషికి అడుగు కనిపించే నీళ్లంటే ఏదో తప్పు జరిగినట్టుంటుంది. థర్మామీటరు పెట్టాను, 9 డిగ్రీలు. కాళ్లు పది నిమిషాలకే మొద్దుబారిపోయాయి.

ఒక రాయి తిరగేశాను. కిందివైపు చదునుగా అతుక్కుని మేఫ్లై నింఫ్‌లు. గోరంత కూడా లేవు. మూడు తోకలు, పొట్ట పక్కన మొప్పలు ఆడుతున్నాయి. ఒకదాన్ని అరచేతి నీళ్లలో పట్టుకుని పక్కన నా ఈకపురుగు పెట్టాను. పోలిక లేదు. నాది లావు, రంగు వేరు. కానీ రెండూ నీళ్లలో కదిలాయి, ఆ కదలిక ఒకటే.

మొదటి రోజు సున్నా. లైను పారుదలలో పడి ఈకపురుగుని పరుగెత్తించేస్తోంది. ఇక్కడ వాగు నడిమధ్యన జోరు, అంచున నెమ్మది. లైను నడుం జోరులో చిక్కితే కొసనున్నది ఈడ్చుకుపోతుంది. రెండు ఈకపురుగులు రాళ్లకి బలి.

ఏప్రిల్ 18

పొద్దున లైను పడగానే రాడ్డు కొసతో దాని నడుముని ఎగువ వైపుకి ఎత్తి వేయడం నేర్చుకున్నాను. దాంతో ఈకపురుగు తన దారిన తాను మునిగి పోతోంది. పెద్ద బండ ముందర దాన్ని దిగనిచ్చి, బండ దగ్గరకొచ్చేసరికి రాడ్డు మెల్లగా ఎత్తాలి. అమెరికాలో పెన్సిల్వేనియా వైపు జిమ్ లైసెన్‌రింగ్ అనే ఆయన పేరుతో ఈ ఎత్తడాన్ని పిలుస్తారు. చేప ఉన్న చోటుకి ముందే పురుగు పైకి లేస్తున్నట్టు కనిపించాలి. లాకుల కింద పరిగెలు నాకు నేర్పింది ఇదే, పేరు తెలీదు అంతే.

పదకొండు దాటాక ఎండ నీళ్ల మీద పడింది. గాల్లో సన్నని పురుగులు లేవడం మొదలైంది. బండకి రెండు అడుగుల ముందు రాడ్డు ఎత్తాను. లాగినట్టు లేదు. చేతిలో ఉన్న దారాన్ని ఎవరో పట్టుకుని ఆలోచిస్తున్నట్టుంది. నేను కూడా ఆలోచించాను, అదే తప్పు. ఊడిపోయింది.

మళ్లీ అక్కడే. ఆరోసారికి అదే బరువు. ఈసారి కర్ర ఊరికే పైకి ఎత్తి ఉంచాను. రాడ్డు వంగింది.

జానెడు మీద నాలుగు వేళ్లుంటుంది. గోధుమ ట్రౌట్. పక్కల పసుపు, దాని మీద నల్లచుక్కలు, మధ్యమధ్య ఎర్రచుక్కలు, ఒక్కో ఎర్రచుక్క చుట్టూ లేతరంగు వలయం. చెయ్యి తడిపి పట్టుకున్నాను, పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు పోతుంది. ఈకపురుగు పైదవడ మూలన. ముల్లు లేదు కాబట్టి తిప్పగానే వచ్చేసింది. నీటివాలుకి ఎదురుగా తలపెట్టి పట్టుకుంటే నాలుగు గుక్కలు తాగి వేళ్ల మధ్యనుంచి జారిపోయింది.

ఫొటో తీయలేదు. ఫోను ఒడ్డున సంచిలో ఉంది. మా ఆవిడ నమ్మింది, చిన్నోడు నమ్మలేదు.

సాయంత్రం దాకా ఇంకో రెండు పడ్డాయి, రెండూ చిన్నవి. ఆకుపచ్చ దారందానికి ఏమీ రాలేదు. గోనెపోగు దానికి ఒకటి కొట్టి వదిలేసింది.

ఏప్రిల్ 27, మాధవరం

మావయ్యకి చేప పట్టిన ఈకపురుగే తెచ్చిచ్చాను. పోగులు రెండు విరిగాయి, పట్టుదారం మీద పళ్లగాట్లు. కిటికీ దగ్గరకెళ్లి, కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశాడు.

"తల ఇంకా లావుగానే ఉందిరా."

"ఆవగింజంతే మావయ్యా!"

"ఆ ఆఫీసరుది ఇందులో సగం ఉండేది." రేకు డబ్బా తెరిచి పాతదాని పక్కన దూదిలో గుచ్చాడు. కర్పూరం బిళ్ల ఒకటి నేనే తెచ్చి అందులో వేశాను. మూత పెడుతూ, "ఇంకో నాలుగు చుట్టిపెట్టు. వచ్చే ఏడు నేను కూడా వస్తా" అన్నాడు.

షాపుకి తిరిగొచ్చేసరికి గుమ్మంలో ఆరు మోటార్లు.